గద్వాలకు తీసుకెళ్లిన మామిడి కాబ్లర్

మా అత్తమ్మకు గోధుమ పడదని తెలిసేనాటికి, కట్టిన చీర ఒంటికి ఇంకో చుట్టు తిరిగేంతగా ఆమె చిక్కిపోయింది.

మాది వనపర్తి. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటాను. మావారికి బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. అత్తమ్మ, మామ మాతోనే ఉంటారు. అత్తమ్మ పుట్టి పెరిగింది అమరచింత పక్కన ఒక పల్లెలో, జొన్నరొట్టె మీద. మామకు షుగర్ వచ్చాక రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమన్నారు డాక్టరు. "ఆయన ఒక్కనికి వేరుగ ఎందుకు, నాకు గూడ గవే చెయ్యి" అని అత్తమ్మ కూడా చపాతీలకు మారింది. పొద్దున చాయ్‌లో బిస్కెట్లు ఎలాగూ ఉండేవి. మావారు దుకాణం నుంచి వస్తూ అప్పుడప్పుడు బేకరీలో దిల్‌పసంద్ తెచ్చేవారు. పైపొర ఒలిచి ముందు తిని, లోపలి కొబ్బరి చివరికి మిగుల్చుకునేది అత్తమ్మ. ఆమెకు అంతకు మించిన తీపి లేదు.

తర్వాత కొన్నేళ్లకు కడుపు ఉబ్బరం మొదలైంది. ఆ వెనకే విరేచనాలు, నీరసం, కాళ్లలో నొప్పులు. రక్తం తక్కువగా ఉందని టానిక్కులు రాశారు. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు వయసు అన్నారు. చివరికి హైదరాబాద్‌లో ఒక దవాఖానలో రక్తం పరీక్ష చేసి, నోట్లోంచి గొట్టం వేసి పేగు ముక్క తీసి చూశారు. డాక్టరమ్మ అత్తమ్మ వైపు తిరిగి నిదానంగా చెప్పింది. "అమ్మా, గోధుమ, మైదా, రవ్వ ఇవి మీ పేగుకు విషం లెక్క. బతికినన్ని రోజులు ముట్టొద్దు. మిగతావన్నీ తినొచ్చు."

"జొన్న తినొచ్చునా?" అని అడిగింది అత్తమ్మ.

"హాయిగా తినండి."

"గదైతే ఏం పరేషాన్ లేదు" అంది అత్తమ్మ. ఇంత పెద్ద దవాఖానకు వచ్చి, ఇన్ని పరీక్షలు చేయించుకుని, చివరికి జొన్నరొట్టె తినమన్నారని ఆమెకు లోపల కాస్త నవ్వొచ్చినట్టుంది.

ఇది రక్తసంబంధంలో వచ్చే జబ్బని, తోబుట్టువులు, పిల్లలు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. మావారు చేయించుకున్నారు, మా అమ్మాయి చేయించుకుంది. ఇద్దరికీ లేదు. అత్తమ్మకు తోబుట్టువంటే గద్వాలలో ఉండే చెల్లెలొక్కతే. నేను చిన్నత్తమ్మ అంటాను. ఆమెకు చెప్పమని నేనంటే అత్తమ్మ "చెప్తలే" అని దాటేసేది. నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇద్దరూ రోజూ సాయంత్రం ఫోన్లో గంటసేపు మాట్లాడుకునేవారు. కూర దగ్గర్నుంచి కోడళ్ల వరకు అన్నీ ఆ మాటల్లో వచ్చేవి, ఈ ఒక్కటి తప్ప.

గోధుమ మానేసిన కొత్తలో బాగానే అనిపించింది, తర్వాత మళ్లీ నొప్పి మొదలైంది. ఏం తింటోందో రోజంతా గమనిస్తే రెండు చోట్ల దొరికింది. మేం జొన్నలు పట్టించే గిర్నిలో అంతకుముందు గోధుమలు పోసి ఉంటారు, ఆ పిండి మా జొన్నపిండిలో కలుస్తోంది. రెండోది ఇంగువ. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో చూస్తే అందులో గోధుమపిండి కలిపారని ఉంది. పప్పుచారు పోపులో ఉన్న చిటికెడు ఇంగువ ఆమెను మూడు వారాలు మంచం పట్టించింది. అప్పట్నుంచి ఇంగువ మానేశాం. జొన్నలు కడిగి ఆరబోసి, ఇంట్లోనే మిక్సీలో పట్టి, జల్లించుకుంటున్నాం. మెల్లగా మొహంలో కళ వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం తగ్గింది.

కానీ బేకరీ వైపు నుంచి వచ్చేటప్పుడు మావారి చేతులు ఖాళీగా ఉండేవి. మామకు ఎలాగూ తీపి లేదు. అత్తమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. మా అమ్మాయి పుట్టినరోజున కేకు కోస్తుంటే చప్పట్లు కొట్టి, ఆశీర్వదించి, "పూలకు నీళ్లు పోసొస్త" అని బయటికి వెళ్లింది. ఆ పూలకు అప్పటికే పొద్దున్న నీళ్లు పోసి ఉంది.

ఆ చలికాలంలోనే చిన్నత్తమ్మ వాళ్లు గద్వాలలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. అత్తమ్మను ఎలా తీసుకెళ్లాలా అని నాకు దిగులు. "జొన్నరొట్టె, వంకాయ కూర డబ్బాల పెట్టుకుందాం, ఎవరికి తెల్వదు" అంది ఆమె. వెళ్లాం. ఇంటినిండా చుట్టాలు. చిన్నత్తమ్మ పట్టుచీరలో అటూ ఇటూ తిరుగుతోంది, మధ్యమధ్య ఏదో ఒక గోడకు చేయి ఆనించి నిలబడుతోంది. పంక్తిలో అక్కను కూర్చోబెట్టి తనే వడ్డించింది. బక్షాలు పెట్టబోయింది. బొబ్బట్లే అవి, గద్వాలలో ఓళిగలని కూడా అంటారు. పల్చగా, నెయ్యి కారుతూ, పైపొర మొత్తం మైదాతో చేసినవి.

అత్తమ్మ విస్తరి మీద చేయి అడ్డం పెట్టింది. "నాకొద్దు చెల్లె. అన్నం, పెరుగు చాలు."

"నీకోసమనే పొద్దుగాల్ల లేసి నా చేతుల్తోటి చేసిన."

"కడుపు బాగలే."

"కడుపు బాగలేకుంటే గా డబ్బల ఏముంది?" చిన్నత్తమ్మ చూపు నా పక్కన ఉన్న సంచి మీద పడింది. సంచి నోరు తెరుచుకుని డబ్బా మూత కనిపిస్తోంది. నేను చెప్పబోతే అత్తమ్మ నా మోకాలి మీద చేయి వేసి ఆపింది. "నా ఇంట్ల పెరుగన్నం తిననీకి వచ్చినవా అక్క? ఇంటికాడికెళ్లి రొట్టెలు కట్టుకొస్తివి. మా చేతి తిండికి ఏమైంది?" అంది చిన్నత్తమ్మ. గొంతు పెంచలేదు. బక్షాల తట్ట తీసుకుని పక్క విస్తరికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఫోన్ రావడం ఆగిపోయింది. అత్తమ్మ చేస్తే చిన్నత్తమ్మ కోడలు ఎత్తి "అత్తమ్మ పండుకుంది" అనేది. కొన్నాళ్లకు అత్తమ్మ కూడా చేయడం మానేసింది. సాయంత్రం అయ్యేసరికి ఫోను ఒళ్లో పెట్టుకుని గేటు వైపు చూస్తూ కూర్చునేది.

"జబ్బు సంగతి చెప్పేస్తే అయిపోతుంది కదా అత్తమ్మా" అన్నాను ఒకరోజు.

"ఏమని చెప్పాలె? ఊకె దొడ్డికి పోయేదాన్నని చెప్పాల్నా? చుట్టాలందరికి తెలుస్తది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. రెండేళ్ల కిందట హైదరాబాద్ నుంచి వస్తుంటే బస్సులోనే కడుపు ఆగక, జడ్చర్ల దగ్గర దిగిపోయి, ఒక హోటల్ వెనక నేను చీర మార్పించాను. అది మా ఇద్దరికే తెలుసు. మావారికి కూడా చెప్పొద్దని అప్పుడు నా చేయి పట్టుకుంది.

ఎండాకాలం వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో ఉండే నా స్నేహితురాలు కొల్లాపూర్ తోటల నుంచి ఒక పెట్టె బేనిషాన్ మామిడిపండ్లు పంపింది. అదే వారం హైదరాబాద్ హాస్టల్ నుంచి మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో పంపింది. ఎవరో విదేశీ ఆవిడ పండ్లముక్కలు గిన్నెలో పరిచి, పైన పిండి ముద్దలు వేసి ఓవెన్‌లో పెడుతోంది. 'కాబ్లర్ అంటారమ్మా. మైదా లేకుండా కూడా చేస్తారట. నానమ్మకు చేసి పెట్టు' అని రాసింది.

అత్తమ్మకు చూపించాను. "పండును ఎవరన్న ఉడకవెడ్తరా? ఉత్తగ తింటే ఏమైతది" అంది. కానీ వీడియో ఇంకోసారి పెట్టమంది.

మొదటిసారి కుక్కర్‌లో అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి చేశాను. జొన్నపిండిలో వెన్న, పాలు కలిపి, చపాతీలా ఒత్తి మామిడి ముక్కల మీద కప్పాను. జొన్నపిండికి సాగే గుణం లేదు కదా, ఎత్తుతుంటేనే విరిగిపోయింది. ముక్కల్ని అతికించి పెట్టాను. పండురసం పైకి పొంగి సగం పిండి జావ అయింది, మిగతా సగం పచ్చిగా ఉండిపోయింది. అత్తమ్మ ఓపిగ్గా తింది. "పండు మంచిగుంది" అంది.

రెండోసారి ఆమె సలహా. రొట్టెకు కలిపినట్టు ఉడుకునీళ్లు పోసి కలిపితే విరగదంది. నిజమే, విరగలేదు. కానీ కాలాక అది గిన్నె మీద మూతలా బిగిసిపోయింది. మామ చెంచాతో కొట్టి చూశారు, టంగుమంది. "దీన్ని దుకాణంకు తీస్కపో, మోటర్ల కింద పెట్టనీకి పనికొస్తది" అన్నారు మావారితో. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా రోజులైంది. నాకు మాత్రం అక్కడితో వదలబుద్ధి కాలేదు.

రెండుసార్లూ పంటికింద ఇసకలా తగిలింది. పిండికి నీళ్లు సరిగా పట్టట్లేదనిపించింది. ఈసారి జొన్నపిండిలో కొంచెం బియ్యప్పిండి, సగ్గుబియ్యం పొడి కలిపి, చిక్కటి మజ్జిగలో ఒక గంట నాననిచ్చాను. తర్వాత వెన్న, బెల్లంపొడి, చిటికెడు ఉప్పు. చివర్లో సోడా వేస్తే మజ్జిగ పులుపుకు పిండి బుసబుసా పొంగింది. మామిడి ముక్కల్లో బెల్లం, యాలకుల పొడి, కాస్త నిమ్మరసం. పిండిని రేకులా కప్పకుండా, వీడియోలో లాగా చెంచాతో ముద్దలు ముద్దలుగా మధ్యలో సందులు వదిలి పెట్టాను. ఆవిరి, రసం ఆ సందుల్లోంచి వస్తాయి, పిండి పొడిగా కాలుతుంది.

కుక్కర్‌లో పైభాగం ఎర్రబడదు. పక్క పోర్షన్‌లో ఉండే, మేం ఆపా అని పిలిచే ముస్లిం అక్క దగ్గర గుండ్రటి కరెంటు ఓవెన్ ఉంది. ఆమె రంజాన్ రోజుల్లో నాన్‌ఖటాయి బిస్కెట్లు చేసి అమ్ముతుంది. అడిగితే వెంటనే ఇచ్చింది. అంతలోనే మళ్లీ వెనక్కి తీసుకుంది. "ఆగు ఆగు. దీంట్ల మైదా పొడి ఉంటది, అమ్మకు కష్టమైతది" అని, రోజంతా దాన్ని సబ్బుతో కడిగి, ఎండలో పెట్టి, సాయంత్రం తెచ్చి ఇచ్చింది. లోపల గిన్నె పెట్టే జాలీ మాత్రం ఇవ్వలేదు. "దాని సందులల్ల ఎంత రుద్దినా పోలే. కొత్తది తెచ్చుకో జర."

కొత్త జాలీ మీద పెట్టిన ఆ గిన్నెలోంచి కాసేపటికి వెన్న వాసన, ఆ వెనకే బెల్లం కరిగిన మామిడి వాసన వచ్చాయి. మూత తీస్తే ముద్దలు గోధుమరంగుకు తిరిగి పగుళ్లిచ్చాయి, పగుళ్లలో పసుపు రసం కుతకుతలాడుతోంది. ఆపా కూడా వచ్చి నిలబడింది. అత్తమ్మ ఒక చెంచా తీసుకుని, ఊదుకుని, నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఇంకో చెంచా తీసుకుంది. మామకు ఒక చెంచా కంటే ఎక్కువ ఇవ్వనన్నాను, ఆయన దాన్ని నాలుగుసార్లుగా తిన్నారు.

"ఎట్లుంది అమ్మా?" అంది ఆపా.

"మెత్తగుంది" అంది అత్తమ్మ. గిన్నె సగం అయ్యాక చెంచా పక్కన పెట్టి నాతో అంది. "రేపు ఇంకొకటి చేయి బిడ్డా. గద్వాలకు పోదాం."

మర్నాడు ఆదివారం. పొద్దున్నే చేసి, గిన్నెకు మూత పెట్టి, పాత పంచెలో మూటగట్టి బస్సెక్కాం. పెబ్బేరు దాటాం, కృష్ణ మీద వంతెన దాటాం. మూట అత్తమ్మ ఒళ్లో ఉంది, వేడి తగలకుండా కింద తువ్వాలు వేసుకుంది. ఎర్రవల్లి దగ్గర "తలుపు తియ్యకుంటే ఏం చేద్దాం?" అంది. "పక్కింట్లో ఇచ్చి వచ్చేద్దాం" అన్నాను. తల ఊపింది.

తలుపు తీసే ఉంది. చిన్నత్తమ్మ వరండాలో మంచం మీద పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది, లేవడానికి మంచం పట్టె పట్టుకుంది. గృహప్రవేశం నాటికంటే సగమైంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. కొడుకూ కోడలూ పొలానికి వెళ్లారట. చిన్నత్తమ్మ లోపలికి వెళ్లి రెండు చెంబులతో నీళ్లు తెచ్చి పెట్టింది.

అత్తమ్మ మూట విప్పింది. "ఇది నీకు. తిను."

"నాకెందుకు?"

"మైదా లేదు, గోధుమ లేదు. మన జొన్నదే. గోధుమ నాకు పడది చెల్లె. గందుకనే నీ బక్షం తినలే. నీ చేతి వంట తప్పుగాదు."

"పడకుంటే ఆ దినమే చెప్పరాదా?"

"సిగ్గైంది."

తర్వాత అత్తమ్మ మొత్తం చెప్పింది. నాకు తప్ప ఎవరికీ తెలియని జడ్చర్ల సంగతి కూడా. మెల్లగా, నేల వైపు చూస్తూ, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పింది. బస్సులో చీర తడిసిన మాట చెప్పేటప్పుడు మూట కట్టిన పంచెను మడత మీద మడత పెట్టింది. నేను లేచి లోపలికి వెళ్దామా అనుకున్నాను, కానీ కదల్లేదు.

చిన్నత్తమ్మ మంచం మీద కూలబడింది. "నాకు గూడ గట్లనే అయితది అక్క" అంది.

"ఎప్పటిసంది?"

"శానా దినాలాయె. నేనెందుకు ఏ పెండ్లికి వస్తలేనో తెల్వదా నీకు? మల్దకల్ జాతరకు గూడ పోక ఎన్నేండ్లాయె. కోడలుకు కాళ్లనొప్పులని చెప్పిన. ఫోన్లు గూడ గందుకనే ఎత్తలే. కోపం ఉండె, అది వేరు. కని లేవనీకి శాత గాక పండుకుంటుంటి."

ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే పొయ్యి దగ్గర పెరిగినవాళ్లు. రోజూ గంటసేపు మాట్లాడుకుంటూ, ఇద్దరూ ఒకే సంగతి దాచుకున్నారు. అత్తమ్మ వెళ్లి చెల్లెలి పక్కన కూర్చుని వీపు మీద చేయి వేసింది. "ఇన్ని దినాలు నోరు మూసుకున్న పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్న. నువ్వు గూడనా?" అంది. చిన్నత్తమ్మ ఏడుస్తూనే నవ్వింది.

కాబ్లర్ చల్లారిపోయింది. వేడి చేద్దామంటే వద్దంది చిన్నత్తమ్మ. రెండు చెంచాలు తెచ్చి, గిన్నె ఇద్దరి మధ్యా పెట్టుకుని తిన్నారు. "ముద్ద ఉప్పగుంది, పండు తియ్యగుంది" అంది చిన్నత్తమ్మ. తర్వాత నన్నూ పిలిచి అంచుకు అంటిన ముక్క ఇచ్చింది.

సాయంత్రం కొడుకు వచ్చాక విషయం చెప్పాం. వాళ్ల ఊళ్లోవాళ్లకు తెలిసిన డాక్టరు ద్వారా హైదరాబాద్‌లో పరీక్షకు రాయించాడు. ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. పరీక్ష అయ్యేదాకా గోధుమ మానొద్దు, మానేస్తే రక్తంలో జబ్బు కనపడదన్నారు. చపాతీ తినేటప్పుడల్లా చిన్నత్తమ్మ ఫోన్ చేసి "ఇగో తింటున్న, నొప్పి అయితది, తెలిసి తెలిసి తింటున్న" అనేది. "జర ఓపిక పట్టు" అని అత్తమ్మ ఇటు నుంచి ధైర్యం చెప్పేది. ఆ రోజుల్లోనే సాయంత్రం ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి.

ఫలితం అదే వచ్చింది. చిన్నత్తమ్మకు కూడా గోధుమ పడదు. రోగం అని తేలితే బాధపడాలి కదా, ఆమె మాత్రం దవాఖాన వరండాలో కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే దీనికి గూడ ఒక పేరుందన్నట్టు" అంది.

అత్తమ్మ వెళ్లి గద్వాలలో కొన్నాళ్లు ఉంది. ఇంగువ డబ్బా పారేయించింది. మిక్సీలో జొన్నలు పట్టడం, రొట్టెల పెనం వేరుగా పెట్టుకోవడం కోడలికి చూపించింది. ఆ కోడలు మొదట్లో విసుక్కుంది, ఇంట్లో రెండు వంటలా అని. చిన్నత్తమ్మ మొహం తేరుకోవడం చూశాక తనే పెనం మీద 'అత్తమ్మది' అని పెయింట్‌తో రాయించింది.

మామిడిపండ్లు అయిపోయాక సీతాఫలంతో కాబ్లర్ ప్రయత్నించాను. గింజలు తీయలేక చేతులు నొప్పెట్టాయి, వేడికి గుజ్జు చేదెక్కింది కూడా. జామపండుతో బాగా వచ్చింది. చిన్నత్తమ్మ బొప్పాయితో చేసిందట, ఓవెన్ లేక కుక్కర్‌లోనే. పైన ఎర్రబడలేదు కానీ బాగుందని మనవలు గిన్నె నాకేశారని చెప్పింది. ఎంత నిజమో తెలియదు.

పోయిన చలికాలం అక్కాచెల్లెళ్లిద్దరూ మల్దకల్ జాతరకు వెళ్లారు. నేను కాలేజీలో పరీక్షల పనివల్ల వెళ్లలేకపోయాను. పొద్దంతా తిరిగి, దర్శనం వరుసలో నిలబడి, రాత్రికి గద్వాలలో ఉండి మర్నాడు అత్తమ్మ ఇంటికొచ్చింది. వస్తూనే చెప్పులు విప్పి కాళ్లు చాపుకుని కూర్చుంది. జనం బాగా ఉన్నారని, చెల్లె తనకంటే ముందు నడిచిందని చెప్పింది. నాకోసం ఆకుపచ్చ గాజులు తెచ్చారు, ఇద్దరూ కలిసి బేరమాడి. నా చేతికి ఒక సైజు చిన్నవి. సబ్బు రాసుకుని ఎక్కించుకున్నాను.